ఆటలో ఆత్మను వెతికే పుస్తకాలు, సెమినార్లు: చేతులు కాలకుండా వాడుకోవడం ఎలా?

మేం షటిల్ ఆడే ఇండోర్ కోర్టు బయట ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దున్న ఆరింటికి బూట్లు వేసుకునేదీ, ఎనిమిదింటికి మోకాళ్లకి ఐస్ పెట్టుకునేదీ దాని మీదే. టెన్నిస్ ఆడుతూ మనసును నిమ్మళం చేసుకోవడం, విల్లు ఎక్కుపెట్టి అహంకారాన్ని వదిలించుకోవడం, పరుగెత్తుతూ పరమాత్మ దాకా పోవడం లాంటి పుస్తకాలు మాలో చేతులు మారేదీ అక్కడే. ఒకరు కొంటారు, ఆరుగురు చదువుతారు, ఆ ఆరుగురిలో ఒకడు వెళ్లి సెమినార్‌కి డబ్బు కట్టొస్తాడు. మా బెంచీలో ఆ ఒక్కణ్ణీ నేనే.

పుస్తకం వల్ల నా షార్ట్ సర్వ్ బాగుపడింది. సెమినార్ వల్ల నా క్రెడిట్ కార్డు బిల్లు పెరిగింది. రెండూ అయినవాణ్ణి కాబట్టి ఏది ఎలా చేస్తే పనికొస్తుందో, ఎక్కడ ఆగాలో వరసగా చెప్తాను.

ఒకటే షరతు. మీకు ఏదో ఒక ఆట ఉండాలి. టోర్నమెంట్లు ఆడక్కర్లేదు. కేబీఆర్ పార్కు చుట్టూ పరుగైనా, మున్సిపల్ పూల్లో ఈతైనా, ఆదివారం క్రికెట్ అయినా, ఇంట్లో చేసే సూర్యనమస్కారాలైనా సరే. అదీ లేదంటే ముందు అది మొదలుపెట్టండి, పుస్తకం తర్వాత.

1. చేతిలో ఉన్నది ఏ రకం పుస్తకమో తేల్చుకోండి

దుకాణంలో ఇవన్నీ ఒకే అరలో ఉంటాయి కానీ ఒక్క జాతి కాదు. నా లెక్కలో మూడు రకాలు.

మొదటిది పని చెప్పే పుస్తకం. దీనికి పెద్దన్న టిమోతీ గాల్వే 1974లో రాసిన 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్'. హార్వర్డ్‌లో టెన్నిస్ జట్టు కెప్టెన్‌గా ఆడి, తర్వాత కాలిఫోర్నియాలో కోచింగ్ ఇస్తుండగా ఆయన ఒకటి గమనించాడు. తను ఎంత తక్కువ చెబితే శిష్యుడు అంత బాగా కొడుతున్నాడు. మనలో ఇద్దరున్నారంటాడు. ఒకడు హుకుములు జారీ చేసేవాడు, ఒకడు బంతిని కొట్టేవాడు. ఆ మొదటివాడి నోరు కాసేపు మూయించడానికే పుస్తకంలోని అభ్యాసాలన్నీ.

రెండోది కథ. డాన్ మిల్‌మన్ 'వే ఆఫ్ ది పీస్‌ఫుల్ వారియర్' (1980), మైకేల్ మర్ఫీ 'గాల్ఫ్ ఇన్ ది కింగ్‌డమ్' (1972) ఈ రకం. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 1995లో రాసిన గాల్ఫ్ నవల సంగతి తెలిస్తే మనవాళ్లకి నవ్వొస్తుంది. కర్రల సంచి మోసే మనిషి పేరు బ్యాగర్ వాన్స్, ఆడలేనని చతికిలబడే వీరుడి పేరు ఆర్. జూనా. కాస్త వేగంగా పలకండి. భగవాన్, అర్జున. గీతనే పట్టుకెళ్లి అమెరికా గాల్ఫ్ మైదానంలో దించాడు.

మూడోది ఓపిక నేర్పే పుస్తకం. జార్జ్ లెనార్డ్ 'మాస్టరీ' (1991) లాంటిది. దాని సంగతి కింద చెప్తాను.

ఈ తేడా ఎందుకంటే, పని చెప్పే పుస్తకాన్ని కథలా చదివి పక్కన పడేస్తే దండగ. కథని పనిలా పట్టుకుంటే ఇంకా పెద్ద దండగ. మా బెంచీలో ఒకాయన మిల్‌మన్ నవల చదివి, అందులో గురువు చెప్పాడని పూర్తిగా తిండి మార్చేసి, పది రోజుల్లో నీరసంతో కోర్టులోనే కూలబడ్డాడు.

2. ఈ సరుకు ఎక్కడిదో ఒకసారి చూసుకోండి

ఈ మెట్టు దాటేసినా కొంప మునగదు. కానీ "ప్రపంచంలో ఎవరికీ తెలియని రహస్యం" అని ఎవరైనా మీకు అమ్మజూపినప్పుడు ఇది పనికొస్తుంది.

మైకేల్ మర్ఫీ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని, 1956లో పుదుచ్చేరి అరవిందాశ్రమానికి వచ్చి ఏడాదికి పైగా ఉన్నాడు. అప్పుడు ఆ ఆశ్రమం కళ్లు మూసుకుని కూర్చునే చోటు మాత్రమే కాదు. ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత వ్యాయామాన్ని సాధనలో భాగం చేశారు, డెబ్బై దాటాక కూడా తానే టెన్నిస్ ఆడేవారు. అరవిందులు చివరి రోజుల్లో రాసిన వ్యాసాలు 1949లో మొదలైన ఆశ్రమ వ్యాయామ పత్రికలోనే వచ్చాయి. మర్ఫీ వెనక్కి వెళ్లి, 1962లో రిచర్డ్ ప్రైస్‌తో కలిసి కాలిఫోర్నియాలో బిగ్ సర్ కొండ అంచున, ఒంటికీ మనసుకీ శిబిరాలు నడిపే ఎసలెన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఇంకో పదేళ్లకి గాల్ఫ్ నవల రాశాడు. ఇవాళ బే ఏరియాలో ఉన్న మన పిల్లలు వారాంతంలో కారేసుకుని వెళ్లి చూసొచ్చేది ఆ బిగ్ సర్ తీరాన్నే.

అదే ఆశ్రమంలో పెరిగిన చిన్మయ్ కుమార్ ఘోష్ 1964లో న్యూయార్క్ చేరి శ్రీ చిన్మయ్‌గా పేరు తెచ్చుకున్నారు. ఆయన శిష్యులు 1997 నుంచి క్వీన్స్‌లో 3100 మైళ్ల పరుగు నిర్వహిస్తున్నారు. అడవుల్లోనో కొండల్లోనో కాదు. ఒక హైస్కూలు ఉన్న బ్లాకు చుట్టూ, 883 మీటర్ల కాలిబాట మీద 5,649 చుట్లు. గడువు 52 రోజులు. అంటే రోజుకి సుమారు 96 కిలోమీటర్లు, అవే గోడలు, అవే చెట్లు చూసుకుంటూ. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నోట మాట రాకుండా చేసింది ఇదే. అందులో ఎవరూ ఎవరికీ ఏమీ బోధించరు, పరుగెడతారంతే.

ఇక మన దగ్గర, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెకి ఇనప గొలుసు చుట్టుకుని, ఊపిరి బిగించి తెంపేవాడని, ప్రాణాయామమే తన బలమనేవాడని మా తాత కథలు కథలుగా చెప్పేవాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం చూసే ఉంటారు. శ్వాసకీ కండకీ మనసుకీ లంకె ఉందన్న మాట కొత్తదీ కాదు, ఎవరి సొత్తూ కాదు. దానికి పేటెంటు ఫీజు కట్టకండి.

3. పెన్సిల్ పట్టుకుని చదవండి

మొదటిసారి మామూలుగా, వీక్లీలో సీరియల్ చదివినట్టు చదివేయండి. రెండోసారి పెన్సిల్ తీసుకోండి. మార్జిన్‌లో మూడు గుర్తులు చాలు. నిజంగా జరిగిందని చెబుతున్న చోట అడ్డగీత. మిమ్మల్ని ఏదైనా చెయ్యమన్న చోట టిక్కు. నమ్మమంటున్న చోట ప్రశ్నార్థకం.

మిల్‌మన్ పుస్తకంతోనే చూద్దాం. ఆయన 1964లో లండన్‌లో జరిగిన మొదటి ప్రపంచ ట్రాంపొలిన్ పోటీల్లో గెలిచాడు. బర్క్‌లీ యూనివర్సిటీ జిమ్నాస్ట్. 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కుడి తొడ ఎముక ముక్కలైంది. కోలుకుని తిరిగి వచ్చాడు, 1968లో వాళ్ల జట్టు జాతీయ కాలేజీ చాంపియన్ అయింది. ఇవి అడ్డగీతలు. అర్ధరాత్రి పెట్రోలు బంకులో పనిచేస్తూ, రెప్పపాటులో బంకు కప్పు మీద ప్రత్యక్షమయ్యే సోక్రటీస్ అనే ముసలాయన? ప్రశ్నార్థకం. ఇందులో నిజమూ కల్పనా కలిశాయని రచయితే ఒప్పుకున్నాడు. మరి విరిగిన కాలు బాగుపడిందంటే ఆపరేషన్, నెలల తరబడి వ్యాయామం ఉన్నాయి. సోక్రటీస్ వాటికి తోడు, వాటికి బదులు కాదు.

జెన్ అనే జపాన్ బౌద్ధ ధ్యాన మార్గాన్ని విలువిద్యతో ముడిపెట్టి జర్మన్ ప్రొఫెసర్ ఆయిగెన్ హెరిగెల్ 1948లో అచ్చువేసిన చిన్న పుస్తకం ఈ వంశవృక్షానికి తాతలాంటిది. జపాన్‌లో ఆయన గురువు అవా కెంజో. బాణం తనంతట తానే వింటిని వదిలిపోతుందనే ఆ మాట చదివి నేను ఒక రాత్రంతా నిద్రపోలేదు. తర్వాత యమదా షోజి అనే జపాన్ పండితుడు పాత కాగితాలన్నీ తిరగేసి చూస్తే, ఆ గురువుకి జెన్‌లో శిక్షణే లేదని, గురుశిష్యుల మధ్య భాష అడ్డమని, కీలకమైన కొన్ని మాటలు దుబాసీ కూడా లేనప్పుడు జరిగినవని తేలింది. హెరిగెల్ నాజీ పార్టీలో చేరాడన్నది ఇంకో సంగతి. అహం వదిలినవాడి లక్షణమా అది? నేను పుస్తకాన్ని పారేయలేదు. ప్రశ్నార్థకాలు మాత్రం చాలా పెరిగాయి.

రెండో చదువు అయ్యాక టిక్కులు మాత్రం ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి. మూడొందల పేజీల పుస్తకంలో అయిదారుకి మించి రావు. ఒక్కటీ రాకపోతే అది కథే. హాయిగా ఇంకొకరికి ఇచ్చేయండి.

4. ఒకే ఒక్క టిక్కుని కోర్టులోకి తీసుకెళ్లండి

అసలు పని ఇది. ఆటకి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, కాక్ లైను లోపల పడిందో బయట పడిందో కంటికి కనిపిస్తుంది. ధ్యానం కుదిరిందా లేదా అని మీకు మీరే సర్దిచెప్పుకోవచ్చు. సర్వ్ నెట్‌కి తగిలితే సర్దిచెప్పుకోలేరు. కాబట్టి లెక్క పెట్టగలిగేదే ఎంచుకోండి.

నేను ఎంచుకున్నది డబుల్స్‌లో షార్ట్ సర్వ్. మీలో ఆడేవాళ్లకి దాని బాధ తెలుసు. నెట్‌కి ఆనీ ఆనకుండా దాటాలి, నెట్ నుంచి 1.98 మీటర్ల దూరంలో ఉన్న లైను మీదో కాస్త అవతలో పడాలి. జానెడు ఎత్తు లేచిందా, ఎదుటివాడు దాన్ని మన ముక్కు మీదకే దించుతాడు. స్కోరు 19-19 ఉన్నప్పుడు నా చెయ్యి బిగుసుకుపోయేది. "మణికట్టు తిప్పకు, ఎత్తుగా వెయ్యకు, పోయినసారిలా చెయ్యకు" అని లోపల ఒకడు గొణుగుతూనే ఉండేవాడు.

మొదటి అయిదు రోజులు ఏమీ మార్చకుండా లెక్క మాత్రం రాశాను. ఆటకి ముందు పది నిమిషాలు, 40 సర్వ్‌లు. అందులో బెత్తెడు లోపు ఎత్తులో నెట్ దాటి, లైను మీదో లోపలో పడినవి ఎన్ని? 13, 11, 15, 12, 14. పాత నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది ఆ పేజీ, చెమటకి సిరా అలుక్కుపోయి.

ఆరో రోజు నుంచి గాల్వే పద్ధతి. ఆయన టెన్నిస్‌లో చెప్పింది, బంతి నేలని తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌ని తాకినప్పుడు ఒక మాట పైకి అనమని. గొణిగేవాడికి అదే పని సరిపోతుంది, చెయ్యి తన పని తాను చేసుకుంటుంది. షటిల్‌లో కాక్ నేలని తాకితే పాయింటే పోయింది కాబట్టి మార్చుకున్నాం. నెట్ కర్ర పక్కన మా జోడీ ఆటగాడు నిలబడేవాడు. నేను సర్వ్ వేసి, కాక్ నెట్ దాటగానే ఎత్తు ఊహించి పైకి చెప్పాలి. "రెండు వేళ్లు." అతను చూసినది చెబుతాడు. "కాదు సార్, బెత్తెడు." ఇంకోటి. "జానెడు." "జానెడే." అంతే. బాగుందనీ బాగాలేదనీ అనకూడదు, మణికట్టు మాట ఎత్తకూడదు. సరిదిద్దుకునే ప్రయత్నమే చెయ్యకూడదు. ఊహకీ కంటికీ తేడా తగ్గుతోందా అన్నదొక్కటే చూడాలి.

మొదటి రెండు రోజులు ఇదేం పిల్లల ఆట అనిపించింది. నాలుగో రోజుకి ఒక వింత జరిగింది. కాక్ చెయ్యి వదిలేలోపే "మూడు వేళ్లు" అని నాకు తెలిసిపోతోంది. పదో రోజుకి వేళ్లు తగ్గాయి, నేను తగ్గించకుండానే. మూడో వారం చివర నా అంకెలు 22, 19, 24.

ఇక్కడే చాలామంది "చూశావా, మనసు మహిమ!" అని ఆగిపోతారు. ఆగకండి. మూడు వారాలు, వారానికి అయిదు రోజులు, రోజుకి 40 అంటే 600 సర్వ్‌లు. 600 వేస్తే ఏ పద్ధతీ లేకుండానే ఎవరికైనా కొంత బాగుపడుతుంది. అందుకని ఇంకో రెండు రోజులు పాత పద్ధతికి వెళ్లండి. మణికట్టు, మోచెయ్యి, పాదం అని మీకు మీరే హుకుములు ఇచ్చుకుంటూ వెయ్యండి. అంకె పడితే పద్ధతిలో విషయం ఉంది. పడకపోతే అది వట్టి సాధన ఫలితమే, అదీ చెడ్డదేం కాదు. నాది 17కి పడింది.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1998లో అచ్చువేసిన ప్రయోగంలో, స్కీయింగ్ యంత్రం మీద నిలబడ్డవాళ్లలో కొందరికి తమ పాదాల మీద దృష్టి పెట్టమని, కొందరికి కిందున్న చక్రాల మీద పెట్టమని చెప్పారు. చక్రాలని చూసుకున్నవాళ్లు బాగా నేర్చుకున్నారు. ధ్యాస ఒంటి మీద కన్నా ఒంటి పని మీద ఉంటే మంచిదన్నమాట. అయితే ఆట కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈ పద్ధతి జోలికి ఇప్పుడే పోవద్దు. రాకెట్ పట్టుకోవడమే సరిగ్గా రాకపోతే వేళ్లు లెక్కపెట్టి లాభం లేదు, కోచ్ చెప్పినట్టు వినండి.

5. అంకె కదలనప్పుడు

కదలదు. నాకు 24 దగ్గర నెలన్నర ఆగిపోయింది. సరిగ్గా ఆ సమయంలోనే జనం ఇంకో పుస్తకం కొంటారు, లేదా సెమినార్‌కి వెళ్తారు. నేనూ అప్పుడే వెళ్లాను.

లెనార్డ్ పుస్తకం పనికొచ్చేది ఇక్కడ. ఆయన 47వ ఏట ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య మొదలుపెట్టి బ్లాక్ బెల్ట్ దాకా వెళ్లినవాడు. నేర్చుకోవడమంటే ఎక్కువ కాలం చదునైన నేల మీద నడవడమే, గట్టు ఎక్కేది ఎప్పుడో ఒకసారి అంటాడు. ఆ చదును భరించలేనివాళ్లని మూడు రకాలుగా విడదీశాడు. నాలుగు రోజులు రుచి చూసి ఇంకో ఆటకి మారేవాడు, ఆత్రంతో ఒళ్లు హూనం చేసుకునేవాడు, వచ్చినదానితో సరిపెట్టుకుని అక్కడే ఉండిపోయేవాడు. మీరు ఎవరో మీ ఇంట్లోవాళ్లని అడగండి. మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "రెండోది" అంది.

చెయ్యాల్సింది తేలిక. లెక్కపెట్టడం ఒక నెల మానేసి, రోజూ అదే పది నిమిషాలు అలాగే వెయ్యండి.

నొప్పి ఉంటే మాత్రం వేరే సంగతి. నొప్పి భ్రమ అని రాసిన ఏ వాక్యమూ మోకాలికి వర్తించదు. పుల్లెల గోపీచంద్ ధ్యానం గురించి వేదికల మీద చెప్పినా, మోకాలికి ఆపరేషన్లు కూడా చేయించుకున్నారు, ఆ తర్వాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అకాడమీలో ఆడే పన్నెండేళ్ల పిల్లలకి ఈ వీరయోధుల పుస్తకాలు ఇవ్వకండి. వాళ్లు నొప్పి దాచడం మొదలుపెడతారు. అలాగే నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే పుస్తకాలు పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, డబ్బేం తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు.

6. సెమినార్‌కి డబ్బు కట్టేముందు

వెళ్లొద్దని అనను. నలుగురితో కలిసి రెండు రోజులు గడిపితే మనిషికి ఉత్సాహం వస్తుంది, అది అబద్ధం కాదు. కానీ ఫోన్ చేసి ఇవి అడగండి, జవాబులు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి.

ఒంటితో చేయించే పనులు ఏవేమిటి? నిప్పులా, వేడి గదా, ఉపవాసమా, మంచునీళ్లా, ఊపిరి బిగబట్టడమా? డాక్టరు అక్కడే ఉంటాడా, దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం? రాత్రి ఎన్నింటికి వదులుతారు? మధ్యలో వెళ్లిపోవాలంటే వెళ్లొచ్చా, ఫోన్లు లాక్కుంటారా? మానుకుంటే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు? చెప్పే ఆయన ఏ ఆట ఆడాడు, ఎవరికి నేర్పాడు? చివరి ప్రశ్నకి "ఆయన ఆటలకి అతీతుడు సార్" అనే జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి.

"అది సర్‌ప్రైజ్ సార్, ముందే చెబితే మజా ఉండదు" అన్నది ఇంకా ప్రమాదం. 2009 అక్టోబరులో అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం సెడోనా దగ్గర జేమ్స్ ఆర్థర్ రే 'స్పిరిచువల్ వారియర్' అనే శిబిరం పెట్టాడు. రుసుము తొమ్మిది వేల డాలర్ల పైమాటే. జనాన్ని ఎడారిలో 36 గంటలు తిండీ నీళ్లూ లేకుండా ఉంచి, అది ముగిశాక టార్పాలిన్లు కప్పిన గుడారంలో కాల్చిన రాళ్ల ఆవిరిలో కూర్చోబెట్టాడు. ముగ్గురు చనిపోయారు. 2011లో కోర్టు అతన్ని దోషిగా తేల్చి రెండేళ్ల శిక్ష వేసింది. అక్కడికి వెళ్లినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఒళ్లు ఇక చాలంటుంటే, ఆ మాటే నీ బలహీనత అని ఎదురుగా ఉన్నవాడు నమ్మించాడు. గాల్వే ఒంటి మాట వినమన్నాడు, ఇతను దాన్ని నొక్కేయమన్నాడు. మీరు వెళ్లబోయే సెమినార్ ఈ రెండిటిలో ఏ వైపుందో కనుక్కోండి చాలు.

నిప్పుల మీద నడక సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరో, మీ ఊరి పీర్ల గుండం దగ్గరో, వీరభద్రుడి జాతరలోనో చూసే ఉంటారు. బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది, కాలు ఒక్కో చోట అర సెకను కూడా నిలవదు, అందుకే ఎక్కువమందికి కాలదు. ఆగినా, పరుగెత్తబోయి కాలు లోతుగా దిగబడినా కాలుతుంది. అమెరికాలో ఒక పేరున్న వక్త సెమినార్లలో 2012లో శాన్ హోసేలో ఇరవై మందికి పైగా, 2016లో డాలస్‌లో ముప్ఫై మందికి పైగా కాళ్లు కాల్చుకున్నారు. ఊళ్లో గుండం తొక్కేవాడు మొక్కు తీర్చుకుని ఇంటికెళ్లి అన్నం తింటాడు. "ఇక నీకు అసాధ్యం లేదు" అని వాడికి ఎవరూ తర్వాతి కోర్సు అమ్మరు. షుగరు ఉన్నవాళ్లు, అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఎవరేమన్నా నడవొద్దు. వేగంగా ఊపిరి పీల్చి వదిలి, ఆ వెంటనే నీళ్లలో మునగమంటే అసలు ఒప్పుకోవద్దు. గాలి కావాలని ఒళ్లు చెప్పేలోపే నీళ్లలో స్పృహ పోతుంది.

7. ఆ రెండో రోజు సాయంత్రం

నేను వెళ్లిన సెమినార్ ఊరి బయట ఒక రిసార్ట్‌లో జరిగింది. మా బావమరిది తోడొచ్చాడు, వాడికి ఇలాంటివి పడవు, భోజనం బాగుంటుందని వచ్చాడు. రెండో రోజు సాయంత్రం దీపాలు తగ్గించారు. అరగంట పైగా పాటకి ఎగిరించారు. పక్కవాణ్ణి కౌగిలించుకోమన్నారు, చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. దీపాలు వెలిగేసరికి హాలు వెనకాల బల్లలు, బల్లల మీద స్వైపింగ్ మెషీన్లు. రెండో లెవెల్ 90 వేలు, ఆ రాత్రికి మాత్రం 45 వేలు.

"బావా, ఇంటికెళ్లి పొద్దున్న ఆలోచిద్దాం."

"పొద్దున్నకి ఈ రేటుండదురా."

"నీకీ మూడ్ ఉండదని వాళ్లకి తెలుసు బావా."

వినలేదు. ఆరు నెలల ఈఎంఐ.

మీరు చెయ్యాల్సింది ఇది. రెండో రోజు కార్డులు ఇంట్లో వదిలేయండి, ఫోన్‌లో యూపీఐ పరిమితిని ముందురోజే అయిదొందలకి తగ్గించుకోండి. కట్టాలనిపిస్తే మూడు రోజులు ఆగండి, అందులో ఒక పూట మీ ఆట ఆడండి. ఆట అయ్యాక, ఒళ్లు అలిసి, ఆకలేస్తున్నప్పుడు కూడా కట్టాలనిపిస్తే అప్పుడు కట్టండి. సొంత బండిలో వెళ్లండి, వాళ్ల బస్సు ఎక్కితే వాళ్లు వదిలినప్పుడే ఇల్లు. వెళ్లేముందు మీ నోటు పుస్తకంలో ఆ వారం అంకె రాసుకోండి, వచ్చాక నెల రోజులు మళ్లీ రాయండి. నాది 24 నుంచి 25 అయింది. ఆ ఒక్క సర్వ్ ఖరీదు ఎంతో మా బావమరిది ఇప్పటికీ అందరికీ లెక్క చెబుతుంటాడు.

అప్పటికే కట్టేసి ఉంటే ఆ రాత్రే మెయిల్ పెట్టండి. "నేను రెండో లెవెల్‌కి రావడం లేదు, నా డబ్బు వెనక్కి పంపండి" అని రెండు వాక్యాలు చాలు, కారణాలు రాయకండి. కారణం రాస్తే దానికో జవాబు సిద్ధంగా ఉంటుంది. రసీదు, వెబ్‌సైట్‌లో రీఫండ్ షరతుల పేజీ, వాట్సాప్ మాటలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, గ్రూపులోంచి బయటికొచ్చేముందే. వారంలో జవాబు రాకపోతే 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, దాంట్లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు వాళ్లకి పంపండి. ఈలోగా వాళ్లు ఫోన్ చేస్తారు. కోపంగా కాదు, చాలా ప్రేమగా చేస్తారు, "మీలో ప్రతిఘటన మాట్లాడుతోంది సార్" అంటారు. మెయిల్లో రాయమని చెప్పి పెట్టేయండి. నాకు ఫిర్యాదు పెట్టాక సగం వెనక్కి వచ్చింది, మిగతా సగం కోసం ఇంకా మెయిళ్లు నడుస్తున్నాయి.